మూడేళ్ల డాక్టరేట్, మూడు తలుపులు: అమెరికాలో ఫిజికల్ థెరపిస్ట్ కావడం వెనక లెక్కలు

వెన్నునొప్పి అంటూ ఒక మనిషి క్లినిక్‌కు వస్తాడు. డాక్టరు చీటీ లేదు, స్కానింగ్ లేదు, నేరుగా ఫిజికల్ థెరపిస్ట్ (మన దగ్గర ఫిజియోథెరపిస్ట్ అంటాం) దగ్గరికే వచ్చాడు. ఇలా వచ్చేవారిలో ఎక్కువమందికి అది కండరానికో, కీలుకో, డిస్కుకో సంబంధించిన నొప్పే అయి ఉంటుంది. సరైన వ్యాయామం, కాస్త ఓపిక ఉంటే తగ్గిపోతుంది. కానీ ఈయన మాటల మధ్యలో రెండు సంగతులు చెబుతాడు. నిన్నటి నుంచి మూత్రం సరిగా రావడం లేదట. కూర్చుంటే తొడల లోపలి వైపు మొద్దుబారినట్టు ఉంటోందట. ఆ మాట చెవిన పడిన తర్వాత వ్యాయామాల సంగతి పక్కన పెట్టాల్సిందే. వెన్నుపాము కింది చివర నుంచి దిగే నరాల గుత్తి నలిగిపోతోందేమో అని అనుమానించి ఆయన్ను వెంటనే అత్యవసర విభాగానికి పంపాలి. ఆలస్యమైతే మూత్రం మీద, కాళ్ల మీద అదుపు శాశ్వతంగా పోయే ప్రమాదం ఉంది.

అమెరికాలో ఫిజికల్ థెరపిస్ట్ కావడానికి డిగ్రీ మీద మరో మూడేళ్లు డాక్టరేట్ ఎందుకు చదవాలని అడిగేవారికి నేను మొదట చెప్పే జవాబు ఇదే. చికిత్స ఎలా చేయాలో నేర్పడానికి అంత కాలం పట్టకపోవచ్చు. ఎప్పుడు చేయకూడదో, ఎవరిని ఎక్కడికి పంపాలో తేల్చుకునే విచక్షణ రావడానికి పడుతుంది. గత వందేళ్లలో ఈ వృత్తి మీద ఆ బాధ్యత పెరుగుతూ వచ్చింది, దాంతోపాటే చదువూ పెరిగింది. జీతం మాత్రం ఆ వేగాన్ని అందుకోలేదు. ఈ మూడింటినీ కలిపి చూడకపోతే ఈ చదువు ఎవరికి లాభమో, ఎవరికి భారమో తేల్చడం కష్టం.

సర్టిఫికెట్ నుంచి డాక్టరేట్ దాకా

మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడి తిరిగొచ్చిన సైనికులను మళ్లీ నడిపించడానికి 1918లో అమెరికా సైన్యం ‘రీకన్‌స్ట్రక్షన్ ఎయిడ్స్’ అనే పేరుతో మహిళలకు శిక్షణ ఇప్పించింది. ఓరెగాన్ రాష్ట్రంలోని రీడ్ కాలేజీలో ఆ శిక్షణ నడిపిన మేరీ మెక్‌మిలన్, 1921లో ఏర్పడిన వృత్తి సంఘానికి తొలి అధ్యక్షురాలయ్యారు. నేటి అమెరికన్ ఫిజికల్ థెరపీ అసోసియేషన్‌కు మూలం ఆ సంఘమే. అప్పట్లో శిక్షణ నెలల్లో ముగిసేది. వైద్యుడు ఏం చేయాలో రాసిస్తే దాన్ని చేతులతో అమలు చేయడం థెరపిస్టు పని. పోలియో విజృంభణలు, రెండో ప్రపంచ యుద్ధం ఈ పనికి గిరాకీ పెంచాయి. చదువు సర్టిఫికెట్ స్థాయి దాటి నాలుగేళ్ల బ్యాచిలర్ డిగ్రీకి చేరింది.

అసలు మలుపు చట్టంలో వచ్చింది. వైద్యుడి సిఫారసు లేకుండా రోగిని థెరపిస్టు నేరుగా చూడవచ్చని 1957లో నెబ్రాస్కా రాష్ట్రం తొలిసారి అనుమతించింది. తర్వాత ఒక్కో రాష్ట్రమూ అదే దారి పట్టింది. 2015 జనవరి 1న మిషిగన్ చట్టం అమల్లోకి రావడంతో ఏదో ఒక రూపంలో ఈ వెసులుబాటు మొత్తం 50 రాష్ట్రాలకూ వ్యాపించింది. ‘ఏదో ఒక రూపంలో’ అన్న మాటను మరిచిపోకూడదు. టెక్సస్‌నే తీసుకోండి. అక్కడ 2019లో వచ్చిన చట్టం సిఫారసు లేకుండా వరుసగా 10 పని దినాల వరకే చికిత్సను అనుమతించింది. డాక్టరేట్‌తో పాటు రెసిడెన్సీ లేదా ఫెలోషిప్, అంటే చదువు తర్వాత చేసే ప్రత్యేక శిక్షణ, పూర్తి చేసినవారికి ఆ గడువును 15 పని దినాలుగా పెట్టింది. చదువుకూ అధికారానికీ ఉన్న ముడి ఇంత స్పష్టంగా కనిపించే చట్టాలు అరుదు.

డిగ్రీ ఎదిగిన తీరు కూడా దీనికి సమాంతరంగానే సాగింది. బ్యాచిలర్ డిగ్రీకి పైస్థాయి చదువు ఉండాలని వృత్తి సంఘం 1979లో తీర్మానించింది. 2002 నుంచి బ్యాచిలర్ స్థాయి కోర్సులకు గుర్తింపు ఆగిపోయింది. ఈలోగా నెబ్రాస్కాలోనే ఉన్న క్రైటన్ విశ్వవిద్యాలయం 1993లో తొలి ప్రవేశస్థాయి డాక్టరేట్ కోర్సు మొదలుపెట్టింది. 2015 ముగిసేనాటికి గుర్తింపు పొందిన కోర్సులన్నీ ‘డాక్టర్ ఆఫ్ ఫిజికల్ థెరపీ’, అంటే డీపీటీ, స్థాయికి మారాల్సి వచ్చింది. ఇప్పుడు అమెరికాలో చదివి ఈ వృత్తిలోకి రావాలంటే ఇదొక్కటే దారి.

ఇది పీహెచ్‌డీ కాదు. సిద్ధాంత గ్రంథం రాయనక్కర్లేదు. అమెరికాలో వైద్యుల ఎండీ లాగా వృత్తిలోకి అడుగుపెట్టడానికి ఇచ్చే డాక్టరేట్ ఇది. పరిశోధన వైపు వెళ్లాలనుకునేవారు దీని తర్వాత విడిగా పీహెచ్‌డీ చేస్తారు.

ఇంత చదువు అవసరమా? బ్రిటన్‌లో, ఆస్ట్రేలియాలో బ్యాచిలర్ డిగ్రీతోనే ఫిజియోథెరపిస్టులు రోగులను నేరుగా చూస్తున్నారు, వ్యాధి లక్షణాలను వేరుచేసి గుర్తిస్తున్నారు. కాబట్టి డాక్టరేట్ లేకపోతే రోగికి ప్రమాదమని వాదించడం నిజాయితీ అనిపించుకోదు. మూడేళ్లలో నేర్పే విషయాలు మాత్రం అవసరమైనవే. వాటి కోసం ముందు సంబంధం ఉన్నా లేకపోయినా ఏదో ఒక నాలుగేళ్ల డిగ్రీ, ఆపైన మూడేళ్లు, మొత్తం ఏడేళ్ల ఫీజు కట్టాల్సి రావడమే నాకు మింగుడుపడని విషయం. మూడేళ్ల డిగ్రీ చదువు తర్వాత నేరుగా డీపీటీలోకి తీసుకునే కళాశాలలు కొన్ని ఉన్నాయి. అవకాశం ఉన్నవారు ముందుగా వాటిని చూడాలని నా సలహా.

లోపలికి వెళ్లే ముందు

దరఖాస్తులు చాలావరకు ‘పీటీక్యాస్’ అనే ఉమ్మడి వేదిక ద్వారా వెళ్తాయి. డిగ్రీలో ప్రధానాంశం ఏదైనా ఫరవాలేదు. కానీ శరీర నిర్మాణ శాస్త్రం, శరీర ధర్మ శాస్త్రం, ప్రయోగశాలతో కూడిన రసాయన, భౌతిక శాస్త్రాలు, జీవశాస్త్రం, గణాంకాలు, మనస్తత్వ శాస్త్రం ముందే చదివి ఉండాలి. ఈ జాబితా కళాశాలను బట్టి కొద్దిగా మారుతుంది. సగటు గ్రేడ్ 4కు కనీసం 3 ఉండాలని చాలాచోట్ల అడుగుతారు, పోటీలో నిలబడాలంటే అంతకన్నా ఎక్కువే కావాలి. జీఆర్ఈని ఇటీవల చాలా కళాశాలలు వదిలేశాయి.

వీటన్నిటిలో నేను ఎక్కువ విలువ ఇచ్చేది పరిశీలన గంటలకు. దరఖాస్తుకు ముందు థెరపిస్టు పక్కన నిలబడి పని చూసిన గంటలవి. చాలామంది యువతీయువకులు ఆటల్లో గాయపడి, థెరపీతో కోలుకుని, ఆ అనుభవంతోనే ఈ వృత్తిని ఇష్టపడతారు. అందుకే గంటలన్నీ క్రీడా క్లినిక్‌లోనే పూర్తి చేస్తారు. తీరా చదువులో చేరాక ఆసుపత్రి వార్డుల్లో, వృద్ధాశ్రమాల్లో, ఇళ్లలో జరిగే పని చూసి కొందరు బెంబేలెత్తుతారు. తుంటి ఎముక విరిగిన ఎనభై ఏళ్ల మనిషి మంచం అంచున కూర్చోవడానికి పడే యాతన కొన్ని ఉదయాలు దగ్గరగా చూస్తే, ఈ పని తనకు నప్పుతుందో లేదో ముందే తెలుస్తుంది. ఫీజు కట్టే ముందే తెలుసుకోవడం ఎంతో నయం.

తరగతి గదిలో ఏం జరుగుతుంది

మొదటి సెమిస్టర్లలో బరువంతా శరీర నిర్మాణ శాస్త్రానిదే. చాలా కళాశాలల్లో దానం చేసిన భౌతికకాయాలను విద్యార్థులు స్వయంగా విడదీసి చదువుతారు. భుజం దగ్గర నాలుగు కండరాల స్నాయువులు ఎముకను ఎలా కప్పి పట్టుకుంటాయో బొమ్మలో చూడటం వేరు, వేలితో తడిమి చూడటం వేరు. తర్వాత కదలికల యాంత్రిక శాస్త్రం, నాడీ శాస్త్రం, వ్యాయామ శరీర ధర్మ శాస్త్రం, వ్యాధి శాస్త్రం వస్తాయి. మందుల గురించీ, ఎక్స్‌రే, ఎమ్మారై చిత్రాల గురించీ కూడా పాఠాలుంటాయి. ఈ థెరపిస్టులు సాధారణంగా మందులు రాయరు. కానీ గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మందు వేసుకుంటున్న రోగికి వ్యాయామం చేయిస్తే గుండె వేగం మామూలుగా పెరగదు. ఆ సంగతి తెలియని థెరపిస్టు నాడి చూసి అంతా బాగుందనుకుంటాడు.

కొలవడం నేర్చుకోవడానికే చాలా కాలం పడుతుంది. కండరాల బలాన్ని 0 నుంచి 5 వరకు అంచనా వేస్తారు. భూమ్యాకర్షణకు ఎదురుగా పూర్తిగా కదిలించగలిగితే 3, పరీక్షించేవారు గట్టిగా ఒత్తినా తట్టుకుంటే 5. కీలు ఎంత వంగుతోందో గోనియోమీటర్ అనే కోణమానినితో కొలుస్తారు. మోకాలి మార్పిడి చేయించుకున్న మనిషికి ఈ అంకెలే జీవితం. సమతలం మీద నడుస్తూ కాలు ముందుకు వేయడానికి మోకాలు సుమారు 60 డిగ్రీలు వంగితే సరిపోతుంది, మామూలు కుర్చీలోంచి హాయిగా లేవడానికి 90 దాటాలి. విద్యార్థి ఒకే మోకాలిని మూడుసార్లు కొలిచి మూడు అంకెలు చెప్పినప్పుడు, ఏ ఎముక గుర్తు మీద ఇరుసు పెట్టావని అధ్యాపకుడు అడుగుతాడు. ఆ ప్రశ్న చాదస్తం కాదు. రోగి మెరుగుపడుతున్నాడా లేదా అన్న నిర్ణయం ఆ కొలత మీదే ఆధారపడుతుంది.

పాఠ్య ప్రణాళికలో తక్కువ పేరున్నదీ, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనదీ భేద నిర్ధారణ. ఒకే లక్షణం వెనక ఉండగల కారణాలను వేరుచేసి చూడటమే అది. పిక్కలో నొప్పి కండరం పట్టేయడం వల్లనా, శస్త్రచికిత్స తర్వాత లోపలి సిరలో గడ్డకట్టిన రక్తం వల్లనా? భుజం నొప్పి భుజానిదేనా, గుండెదా? గతంలో క్యాన్సర్ వచ్చిన మనిషి రాత్రిపూట నిద్ర చెడగొట్టే వెన్నునొప్పితో, కారణం తెలియకుండా బరువు తగ్గుతూ వస్తే ఏం చేయాలి? నేరుగా రోగిని చూసే హక్కుకు అర్హత ఇచ్చేది ఈ ప్రశ్నలకు తడబడకుండా జవాబు చెప్పగలగడమే.

రోగి పక్కన నేర్చుకునేది

గుర్తింపు నిబంధనల ప్రకారం ప్రతి విద్యార్థీ కనీసం 30 వారాలు పూర్తికాలం క్లినికల్ శిక్షణ పొందాలి. ఆసుపత్రి, అవుట్‌పేషెంట్ క్లినిక్, పునరావాస కేంద్రం వంటి వేర్వేరు చోట్ల, క్లినికల్ ఇన్‌స్ట్రక్టర్ అనే అనుభవజ్ఞుడైన థెరపిస్టు పర్యవేక్షణలో ఇది సాగుతుంది. థెరపిస్టు నిజంగా తయారయ్యేది ఇక్కడే.

ఒక ఉదాహరణ చూద్దాం. పక్షవాతంతో ఎడమ వైపు బలహీనపడిన రోగిని మంచం మీద నుంచి చక్రాల కుర్చీలోకి మార్చాలి. పుస్తకంలో దీనికి అరపేజీ చాలు. విద్యార్థిని ముందు రక్తపోటు చూస్తుంది. కుర్చీ బ్రేకులు వేస్తుంది, పాదాల ఆసరాలు పక్కకు తిప్పుతుంది, రోగి నడుముకు బెల్టు బిగిస్తుంది. ఆయన బలహీనమైన మోకాలు మడతపడిపోకుండా తన మోకాలితో అడ్డుకుంటుంది. కంగారులో ఆయన ఎడమ చేయి పట్టి లేపబోతుంది. వెంటనే ఇన్‌స్ట్రక్టర్ ఆపుతుంది. పక్షవాతంలో భుజం చుట్టూ కండరాలు పట్టు కోల్పోతాయి కాబట్టి చేయి లాగితే కీలు జారుతుంది, ఆ నొప్పి నెలల తరబడి వదలకపోవచ్చు. రోగి కుర్చీలో క్షేమంగా కూర్చున్నాక అసలు ప్రశ్న వస్తుంది: “కుర్చీని కుడి వైపు ఎందుకు పెట్టావు?” బలమైన వైపు మార్చడం సులువు, సురక్షితం కాబట్టి. మంచి జవాబే. “రేపు ఎడమ వైపు పెట్టాలని నేనంటే కారణం ఏమై ఉంటుంది?” బలహీనమైన కాలి మీద భారం మోపే సాధన కోసం, ఆయన పట్టించుకోవడం మానేసిన ఆ వైపుకి దృష్టి మళ్లించడం కోసం. ఒకే పని ఒక రోజు భద్రత, మరో రోజు చికిత్స. ఏ రోజు ఏది కావాలో తేల్చుకోవడం తరగతి గదిలో రాదు.

విద్యార్థి పనితీరును క్లినికల్ పెర్ఫార్మెన్స్ ఇన్‌స్ట్రుమెంట్ అనే మదింపు పత్రంతో అంచనా వేస్తారు. ఆరంభ స్థాయి నుంచి ప్రవేశస్థాయి దాకా మెట్లుంటాయి. చివరి శిక్షణ ముగిసేసరికి ప్రవేశస్థాయికి, అంటే కొత్తగా చేరిన థెరపిస్టు మోసే పనిభారాన్ని సొంతంగా మోయగల స్థాయికి, చేరాలి.

ఇంత కీలకమైన దశకు వ్యవస్థ ఇచ్చే మద్దతు చాలా తక్కువ. ఈ వారాల్లో విద్యార్థికి సాధారణంగా జీతం ఉండదు, పైగా ఫీజు కడుతూనే ఉంటాడు. వేరే ఊరిలో శిక్షణ పడితే అద్దె అదనం. నేర్పే ఇన్‌స్ట్రక్టర్‌కు చాలాచోట్ల అదనపు వేతనం ఉండదు, రోగుల సంఖ్య తగ్గించరు. ప్రధానంగా వృద్ధుల కోసం ప్రభుత్వం నడిపే బీమా మెడికేర్‌లో, అవుట్‌పేషెంట్ చికిత్సలకు వర్తించే పార్ట్ బీ నిబంధనలు మరో అడ్డంకి. విద్యార్థి చేతులతో జరిగిన చికిత్సకు డబ్బు రావాలంటే లైసెన్సున్న థెరపిస్టు అదే గదిలో ఉండి దాన్ని నడిపించాలి, అదే సమయంలో మరో రోగికి చికిత్స చేయకూడదు. రోజుకు ఇంతమందిని చూడాలన్న ఒత్తిడిలో ఉన్న క్లినిక్ విద్యార్థిని తీసుకోవడానికి ఎందుకు వెనకాడుతుందో ఇక వేరే చెప్పనక్కర్లేదు. కళాశాలలు పెరుగుతున్నాయి, శిక్షణ స్థానాలు ఆ నిష్పత్తిలో పెరగడం లేదు. కళాశాలను ఎంచుకునేటప్పుడు భవనాల గురించి కాకుండా ఈ స్థానాల గురించి అడగాలి: ఎన్ని క్లినిక్‌లతో ఒప్పందాలున్నాయి, స్థానం చివరి నిమిషంలో రద్దయితే ఎవరు చూసుకుంటారు, ఎంత దూరం వెళ్లాల్సి రావచ్చు?

మూడు తలుపులు, ముగ్గురు కాపలాదారులు

చదువు, పరీక్ష, లైసెన్సు అనే మూడింటినీ చాలామంది ఒకే వస్తువుగా కలిపేస్తారు. వీటి అధికారాలు మూడు వేర్వేరు చోట్ల ఉన్నాయి.

కోర్సుకు గుర్తింపు ఇచ్చేది ‘క్యాప్టే’ అనే సంస్థ. గుర్తింపు లేని కోర్సు చదివితే పరీక్ష దాకా వెళ్లడమే ప్రశ్నార్థకం అవుతుంది. కొత్త కోర్సులకు ముందు ‘అభ్యర్థి హోదా’ మాత్రమే ఉంటుంది, పూర్తి గుర్తింపు తర్వాత వస్తుంది. కాబట్టి కొత్త కళాశాలలో తొలి బృందంగా చేరేవారు కొంత ప్రమాదాన్ని భరిస్తున్నట్టే. పరీక్షలో తమ విద్యార్థుల్లో కనీసం 85 శాతం మంది చివరికి ఉత్తీర్ణులు కావాలని, రెండేళ్ల సగటు మీద, క్యాప్టే కళాశాలలను కోరుతుంది.

పరీక్ష పేరు ఎన్‌పీటీఈ. దాన్ని నడిపేది రాష్ట్ర బోర్డుల సమాఖ్య, ఎఫ్ఎస్‌బీపీటీ. 2024 నుంచి ప్రశ్నలు 225, సమయం 5 గంటలు. 200 నుంచి 800 వరకు ఉండే కొలమానంలో 600 వస్తే ఉత్తీర్ణత. ఏడాదికి నాలుగుసార్లు, నిర్ణీత తేదీల్లో మాత్రమే జరుగుతుంది. పన్నెండు నెలల్లో మూడుసార్లు, జీవితకాలంలో ఆరుసార్లకు మించి రాయడానికి వీల్లేదు. ప్రశ్నలు ఎక్కువగా ఒక రోగి పరిస్థితిని వర్ణించి, ఇప్పుడు మొదట ఏం చేయాలని అడుగుతాయి. నాలుగు జవాబుల్లో రెండు సరైనవిగానే కనిపిస్తాయి. భద్రత ఏ జవాబులో ఉందో చూసే అలవాటు ఉన్నవారు నెగ్గుతారు.

లైసెన్సు ఇచ్చేది రాష్ట్రం. కొన్ని రాష్ట్రాలు తమ చట్టాల మీద మరో చిన్న పరీక్ష పెడతాయి, కాలిఫోర్నియా వాటిలో ఒకటి. ఒక రాష్ట్రం లైసెన్సు మరో రాష్ట్రంలో దానంతటదే చెల్లదు. ఈ ఇబ్బంది తగ్గించడానికి పీటీ కాంపాక్ట్ అనే ఒప్పందం 2018లో ఆచరణలోకి వచ్చింది. 30కి పైగా రాష్ట్రాలు అందులో చేరాయి. లైసెన్సును నిలుపుకోవడానికి తర్వాత కూడా నిర్ణీత గంటల నిరంతర విద్య పూర్తి చేస్తూ ఉండాలి.

డబ్బు సంగతి

అమెరికా వృత్తి సంఘం 2020లో విడుదల చేసిన నివేదికలో, కొత్తగా వృత్తిలోకి వచ్చినవారిలో 90 శాతానికి పైగా అప్పుతో ఉన్నారని, చదువుల అప్పు సగటున లక్షా యాభై వేల డాలర్ల దరిదాపుల్లో ఉందని తేలింది. కార్మిక గణాంకాల విభాగం లెక్కల ప్రకారం 2024లో ఫిజికల్ థెరపిస్టుల మధ్యస్థ వార్షిక వేతనం లక్షా వెయ్యి డాలర్ల చిల్లర. ఆ వేతనం మొత్తం వృత్తిది, అనుభవజ్ఞులతో కలిపి. కొత్తవారికి అంతకంటే తక్కువే వస్తుంది.

డిగ్రీ పెరిగితే జీతం ఎందుకు పెరగలేదు? బిల్లు వేసే పద్ధతిలో ఉంది జవాబు. బీమా సంస్థలు చికిత్సకు డబ్బు ఇచ్చేది సేవల సంకేత సంఖ్యలను బట్టి, ఎక్కువగా 15 నిమిషాల లెక్కన. ముప్పై ఏళ్ల కిందట బ్యాచిలర్ డిగ్రీతో వచ్చిన థెరపిస్టు చేయించినా, నిన్న డాక్టరేట్ పుచ్చుకున్నవారు చేయించినా అదే వ్యాయామానికి అదే మొత్తం. ఒక్కో సేవ విలువను డాలర్లలోకి మార్చి ఆ మొత్తాన్ని నిర్ణయించే మెడికేర్ గుణకం 2020లో 36 డాలర్లకు పైన ఉండగా 2025 నాటికి 32 డాలర్ల చిల్లరకు దిగింది. ధరలన్నీ పెరుగుతున్న కాలంలో ఇది తగ్గింది. క్లినిక్ యజమాని మంచివాడైనా రాని డబ్బును పంచలేడు.

దీనికి తోడు 2025 జులైలో వచ్చిన కేంద్ర చట్టం చదువుల రుణాల స్వరూపాన్నే మార్చింది. ఫీజు మొత్తానికీ రుణం ఇచ్చే గ్రాడ్ ప్లస్ పథకం 2026 జులై 1 నుంచి కొత్తవారికి ఉండదు. పై చదువుల విద్యార్థులకు ఏడాదికి 20,500 డాలర్లు, మొత్తం లక్ష డాలర్లు గరిష్ఠ పరిమితి. ‘వృత్తి డిగ్రీ’గా లెక్కకు వచ్చే చదువులకైతే ఏడాదికి 50,000, మొత్తం రెండు లక్షలు. డీపీటీ ఏ జాబితాలో ఉందన్నదే గొడవ. 2025 చివర్లో విద్యాశాఖ వైపు నుంచి వచ్చిన ప్రతిపాదనలో వైద్యం, దంత వైద్యం, న్యాయశాస్త్రం, కైరోప్రాక్టిక్ (వెన్నెముకను చేతులతో సరిచేసే చికిత్స) ఉన్నాయి, ఫిజికల్ థెరపీ లేదు. లైసెన్సు లేకుండా చేయడానికి వీల్లేని పనికి, దేశం తనంతట తాను డాక్టరేట్ తప్పనిసరి చేసిన పనికి ఈ అన్యాయం ఏమిటని నా బాధ. తక్కువ పరిమితి ఖరారైతే మిగతా డబ్బు ప్రైవేటు రుణాల నుంచి తేవాలి. వాటికి హామీదారు కావాలి, వడ్డీ ఎక్కువ, ఆదాయాన్ని బట్టి చెల్లించే వెసులుబాటు ఉండదు. కలిగినవారి పిల్లలకే ఈ వృత్తి మిగిలిపోయే ప్రమాదం కళ్లముందే ఉంది.

ఉన్న దారుల్లో అప్పు తగ్గించుకునేవి కొన్నే. సొంత రాష్ట్రంలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయం అన్నిటికన్నా మొదటిది. శాన్ ఆంటోనియోలో సైన్యం, బేలర్ విశ్వవిద్యాలయం కలిసి నడిపే కోర్సులో ఫీజు ఉండదు, చదువుతున్నంత కాలం అధికారి జీతం వస్తుంది, బదులుగా కొన్నేళ్లు సైన్యంలో పనిచేయాలి. లాభాపేక్ష లేని ఆసుపత్రుల్లో, ప్రభుత్వ ఆసుపత్రుల్లో పనిచేసేవారు అర్హత గల 120 నెలవారీ చెల్లింపుల తర్వాత కేంద్ర రుణంలో మిగిలినదాన్ని మాఫీ చేయించుకోవచ్చు. ఇంత అప్పు వద్దనుకునేవారికి రెండేళ్ల అసోసియేట్ డిగ్రీతో వచ్చే ఫిజికల్ థెరపిస్ట్ అసిస్టెంట్ ఉద్యోగం ఉంది. రోగిని మొదట పరీక్షించి ప్రణాళిక వేసే అధికారం వారికి ఉండదు, థెరపిస్టు వేసిన ప్రణాళిక ప్రకారం చికిత్స చేస్తారు.

చదువు తర్వాత రెసిడెన్సీ తప్పనిసరి కాదు, వైద్యులకూ వీరికీ ఇదొక పెద్ద తేడా. ఎముకలు కీళ్లు, నాడీ సమస్యలు, పిల్లలు, వృద్ధులు, క్రీడలు, క్యాన్సర్ వంటి పది విభాగాల్లో బోర్డు ధ్రువీకరణ ఉంది. దాని పరీక్ష రాయడానికి ఆ విభాగంలో 2,000 గంటలు నేరుగా రోగులను చూసి ఉండాలి, లేదా గుర్తింపు పొందిన రెసిడెన్సీ పూర్తి చేయాలి. జ్ఞానం కోసం చేసేవారు సంతోషంగా చేయవచ్చు. జీతం పెరుగుతుందన్న ఆశతో మాత్రమే చేయాలనుకుంటే, పైన చెప్పిన బిల్లుల లెక్క ఇక్కడ కూడా వర్తిస్తుంది.

వేరే దేశంలో చదివి వచ్చేవారికి

భారతదేశంలో బీపీటీ, అంటే ఫిజియోథెరపీలో బ్యాచిలర్ డిగ్రీ, చదివి అమెరికాలో పనిచేయాలనుకునేవారికి డీపీటీ పట్టానే ఉండాలన్న నియమం లేదు. వారి చదువు అమెరికా ప్రవేశస్థాయి చదువుకు గణనీయంగా సమానమని తేలాలి. విదేశీ చదువులను మదింపు చేసే ఎఫ్‌సీసీపీటీ వంటి సంస్థలు మార్కుల జాబితాలు, పాఠ్యాంశాలు తెప్పించుకుని ‘కోర్స్‌వర్క్ టూల్’ అనే కొలమానంతో పోల్చి చూస్తాయి. పట్టా పుచ్చుకున్న సంవత్సరాన్ని బట్టి ఆ కొలమానం మారుతుంది. తక్కువ పడిన సబ్జెక్టులను విడిగా చదివి పూరించుకోవాలి. ఆంగ్ల భాషా పరీక్ష, తర్వాత ఎన్‌పీటీఈ, ఆపైన లైసెన్సు. రాష్ట్రాల నిబంధనలు వేర్వేరుగా ఉంటాయి కాబట్టి ఏ రాష్ట్రమో ముందు నిర్ణయించుకుని, ఆ బోర్డు నిబంధనలు చదివాకే మదింపు రుసుము కట్టాలి.

ఈ దారికి ఒక చేదు చరిత్ర ఉంది. పరీక్ష ప్రశ్నలు బయటికి పొక్కుతున్నాయంటూ 2010 జులైలో ఎఫ్ఎస్‌బీపీటీ భారత్, పాకిస్తాన్, ఫిలిప్పీన్స్, ఈజిప్టుల్లో చదివినవారందరికీ మామూలు పరీక్షను నిలిపివేసింది, వారికి విడిగా ఏడాదికోసారి పరీక్ష పెడతామంది. ఏ తప్పూ చేయని వేలాదిమంది పట్టభద్రులను చదివిన దేశాన్ని బట్టి శిక్షించిన నిర్ణయమది. చివరికి 2012లో వారికి మళ్లీ మామూలు పరీక్ష తలుపు తెరుచుకుంది. ప్రశ్నల గోప్యత కోసం 2011 నుంచి అందరికీ నిర్ణీత తేదీల పద్ధతి వచ్చింది. నేడు ఏడాదికి నాలుగు తేదీలే ఉండటానికి మూలం అదే.

వీసా దగ్గర ఫిజికల్ థెరపిస్టులకు ఒక ప్రత్యేకత ఉంది. నర్సులతో పాటు వీరు కూడా కార్మిక శాఖ ‘షెడ్యూల్ ఏ’ జాబితాలో ఉన్నారు. అంటే స్థానికులు దొరకలేదని యజమాని ప్రకటనలిచ్చి నిరూపించుకునే సుదీర్ఘ ప్రక్రియ వీరికి అక్కర్లేదు. అమెరికా లైసెన్సు గానీ, లైసెన్సు పరీక్ష రాయడానికి అర్హుడని రాష్ట్ర బోర్డు ఇచ్చే లేఖ గానీ చూపాలి. 1996 నాటి వలస చట్టం ప్రకారం ఆరోగ్య వృత్తుల వారికి విడిగా ధ్రువపత్రం కూడా అవసరం. ఏజెంట్లు షెడ్యూల్ ఏ గురించి గొప్పగా చెబుతారు గానీ, అది తప్పించేది కార్మిక శాఖ మెట్టును మాత్రమే, గ్రీన్‌కార్డు వరుసను కాదు. ఆ వరుస పుట్టిన దేశాన్ని బట్టి నడుస్తుంది. భారత్‌లో పుట్టినవారికి ఉద్యోగ ఆధారిత రెండో, మూడో శ్రేణుల్లో నిరీక్షణ ఏళ్ల తరబడి సాగుతోంది. ఒప్పందం మీద సంతకం చేసే ముందు అమెరికా విదేశాంగ శాఖ ప్రతి నెలా ప్రచురించే వీసా బులెటిన్‌లో ఇప్పుడు ఏ తేదీ నడుస్తోందో స్వయంగా చూసుకోవాలి. ఆ తేదీ వచ్చేదాకా యజమాని ఏం ఇస్తాడో, మధ్యలో మానేస్తే ఎంత జరిమానా అడుగుతాడో కాగితం మీద రాయించుకోవాలి.